ఉమ్మడి మురుగు పైపు పగిలితే బాగుచేయించవలసింది ఎవరు?



పోయిన వర్షాకాలంలో ఒకే రాత్రి మా వార్డులో అయిదుగురు చేరారు. అందరికీ నీళ్ళ విరేచనాలు, వాంతులు. ముగ్గురు ఒక ఇంటివాళ్ళు, ఇద్దరు పక్క ఇంటివాళ్ళు. ఇంటిపేరు ఒకటే కావడంతో డ్యూటీలో ఉన్న సిస్టర్లు అందరినీ ఒకే వరుసలో పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించారు. తెల్లవారి మేము రౌండ్‌కు వెళ్ళేసరికి పెద్దావిడ అంత నీరసంలోనూ లేచి కూర్చుని, "సిస్టరమ్మగారూ, మమ్మల్ని ఆ చివరి మంచాలకు మార్చండి. వాళ్ళ పక్కన మేము ఉండం" అన్నారు. పక్క మంచాల మీద ఉన్నది ఆమె సొంత మరిది, తోటికోడలు.

పది నెలలుగా వాళ్ళ మధ్య మాటలు లేవట. పొలం తగాదా కాదు, పెళ్ళి మర్యాదల తగాదా కాదు. తండ్రి కట్టిన ఇంటిని ఇద్దరు కొడుకులూ పంచుకున్నారు. వెనక వాటా అన్నది, ముందు వాటా తమ్ముడిది. అన్న ఇంటి మురుగు తమ్ముడి సందులో నేల కింద వేసిన పైపు గుండా వెళ్ళి, దారిలో తమ్ముడి ఇంటి మురుగును కూడా కలుపుకొని, వీధిలోని మున్సిపాలిటీ లైనులో పడుతుంది. ఆ పైపు సందులో ఎక్కడో పగిలింది. "పగిలింది వాడి స్థలంలో, వాడే చేయించుకోవాలి" అని అన్న. "నా స్థలంలో పారేది ఆయన మురుగు, ఆయనే చేయించాలి" అని తమ్ముడు. పంచాయితీకి కూర్చున్న పెద్దలు కూడా చెరోవైపు మాట్లాడారట. ఈలోగా పది నెలల మురుగు భూమిలో ఇంకింది. అదే సందులో, దానికి జానెడు దూరంలోనే, రెండిళ్ళకూ వెళ్ళే కుళాయి పైపు కూడా ఉంది.

మేము ప్లీడర్లము కాము. నర్సింగ్ డిప్లొమా చదివి, వార్డుల్లో ముప్పై ఏళ్ళు గడిపినవాళ్ళం. కానీ "ఎవరు చేయించాలి" అన్న ప్రశ్న తేలనంత కాలం దాని ఫలితం మా ఓపీకి వస్తూనే ఉంటుంది. అందుకని ఈసారి మన ఆసుపత్రి కాగితాలు చూసే ప్లీడరుగారి దగ్గర, మన పైపుల పని చేసే మేస్త్రీ దగ్గర కూర్చుని తెలుసుకున్న సంగతులు రాస్తున్నాము.

మురుగు మంచినీళ్ళలోకి ఎలా వస్తుంది?

"కుళాయి పైపు వేరు, మురుగు పైపు వేరు కదా, రెండూ ఎలా కలుస్తాయి?" అని చాలామంది అడుగుతారు. మన ఊళ్ళలో చాలా చోట్ల కుళాయి నీళ్ళు రోజంతా రావు. వచ్చినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక, చిల్లు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది. నీళ్ళు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. ఎవరైనా కుళాయికి మోటారు బిగించి లాగితే మరీనూ. మర్నాడు ముందుగా వచ్చే బిందెల్లోకి చేరేది ఆ తడే. నీళ్ళు చూడటానికి తేటగానే ఉండవచ్చు, వాసన కూడా తెలియకపోవచ్చు.

2018 మార్చిలో గుంటూరు పాతపట్నంలో తాగునీటిలో మురుగు కలిసి వందలమంది అతిసారంతో ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు చనిపోయారు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లోనూ అలాగే జరిగింది. అవి పేటలకు పేటలే దెబ్బతిన్న సందర్భాలు. ఒక్క ఇంటి మురుగు ఎంత చేయగలదో తెలియాలంటే నర్సింగ్ విద్యార్థులందరూ చదివే లండన్ పాఠం చెప్పుకోవాలి. 1854లో అక్కడి బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా వచ్చి ఆరువందలమందికి పైగా పోయారు. ఆ వీధిలోని చేతిపంపు నీళ్ళే కారణమని డాక్టర్ జాన్ స్నో అన్నారు. ఆ పేట చర్చిలో పనిచేసే యువ పాదిరి హెన్రీ వైట్‌హెడ్ ఆ మాట మొదట నమ్మలేదు. తప్పని రుజువు చేద్దామని ఇల్లిల్లూ తిరిగి అడిగారు. చివరికి 40వ నంబరు ఇంట్లో విరేచనాలతో చనిపోయిన పసిపాప సంగతి బయటపెట్టింది ఆయనే. తల్లి ఆ పాప గుడ్డలు నానబెట్టిన నీళ్ళను ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసేది. తవ్వి చూస్తే గుంట ఇటుకలు పాడై ఊడిపోతున్నాయి, పంపు బావి మూడడుగుల దూరంలో కూడా లేదు. గుంట ఒక్క ఇంటిది. ఆ నీళ్ళు తాగింది వీధి వీధంతా.

ఇంకొక సంగతి. పైపు పగిలిన రోజే జబ్బు రాదు, పైపు బాగుచేసిన రోజే జబ్బు పోదు. కలరా అయితే కొన్ని గంటల నుంచి అయిదు రోజుల లోపల బయటపడుతుంది. టైఫాయిడ్ సాధారణంగా 10 నుంచి 14 రోజులకు. నీళ్ళ వల్ల వచ్చే పచ్చకామెర్లలో హెపటైటిస్ ఏ 15 నుంచి 50 రోజులకు, హెపటైటిస్ ఇ రెండు నుంచి పది వారాలకు. అప్పటికి పైపు సంగతి అందరూ మరచిపోయి ఉంటారు. ఎవరో దిష్టి పెట్టారనో, పెళ్ళి భోజనం పడలేదనో అనుకుంటారు.

అన్నగారి కూతురు ఏడో నెలలో పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. విరేచనాల రోజుల్లో ఆ అమ్మాయికి ఏమీ కాలేదు. ఆరు వారాల తర్వాత కళ్ళు పచ్చబడి, వాంతులతో తీసుకొచ్చారు. హెపటైటిస్ ఇ. మామూలు మనుషుల్లో ఎక్కువమందికి దానంతట అదే తగ్గిపోయే జబ్బు ఇది. చివరి నెలల గర్భిణులకు వస్తే మాత్రం ప్రాణాంతకం కావచ్చు. అలాంటివారిలో నూటికి ఇరవై, ఇరవై అయిదుమంది దాకా చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. మేము వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపించాము. అమ్మాయి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆమె అక్కడ ఉన్న పంతొమ్మిది రోజులూ రాత్రిపూట తోడు పడుకున్నది తమ్ముడి భార్య. ఈ సంగతి ఆ కుటుంబం అనుమతితోనే రాస్తున్నాము. గర్భిణి ఉన్న ఇంట్లో మురుగు పైపు కారుతోందని తెలిస్తే, తగాదా తేలేదాకా ఆగకుండా ఆ రోజు నుంచే ఆమెకు కాచి చల్లార్చిన నీళ్ళు ఇవ్వండి. నీళ్ళు తెర్లుతూ కనీసం ఒక నిమిషం కాగాలి. గోరువెచ్చన చేస్తే చాలదు.

స్థలం ఎవరిదని కాదు, మురుగు ఎవరిదని చూడాలి

ఇక అసలు ప్రశ్న. ఒకరి స్థలం గుండా ఇంకొకరి నీళ్ళో, మురుగో, నడక దారో పోయే హక్కును ఈజ్‌మెంటు హక్కు అంటారు. దీనికి 1882లోనే చట్టం వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు మొదటి నుంచీ వర్తిస్తోంది. ప్లీడరుగారు ఆ పుస్తకం తెచ్చి చదివి వినిపించినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది. అన్నదమ్ములు పది నెలలు పోట్లాడుకున్న ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి.

పైపు వాడుకునే హక్కు ఎవరిదో, దాని మరమ్మతు ఖర్చు వారిదే అని 25వ సెక్షను చెబుతోంది. పైపు ఎవరి నేల కింద ఉందో వారు ఆ హక్కుదారు కోసం ఏదీ చేసిపెట్టవలసిన పని లేదని 27వ సెక్షను. పైపు బాగుచేయకుండా వదిలేసినందువల్ల ఆ స్థలానికి నష్టం జరిగితే, నష్టపరిహారం ఇవ్వవలసింది కూడా పైపు వాడుకునేవారే అని 26వ సెక్షను. అంటే గోడ పునాది నాని బీటలిస్తే దానికీ వారే జవాబుదారు.

అయితే స్థలం ఉన్నవారు "నా సందులో గడ్డపార పెట్టడానికి వీల్లేదు" అనకూడదు. 24వ సెక్షను ప్రకారం పైపు హక్కు ఉన్నవారు లోపలికి వచ్చి, తవ్వి, బాగుచేసుకోవచ్చు. స్థలం ఉన్నవారికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగే వేళలో, పద్ధతిలో చేయాలి. అయ్యాక నేలను మళ్ళీ మునుపటిలా చేసి ఇవ్వాలి. గచ్చు పగలగొడితే గచ్చు, టైల్సు తీస్తే టైల్సు.

పంపకాల్లో పైపు సంగతి రాసుకోలేదు కదా అని కొందరు అడుగుతారు. ఒకే యజమాని చేతిలో ఉన్న రెండు ఇళ్ళలో ఒకటి అమ్మితే, రెండిళ్ళకూ ఉమ్మడిగా ఉన్న మురుగు కాలువలు ఇద్దరికీ అలాగే చెందుతాయని ఆ చట్టమే 13వ సెక్షను కింద ఉదాహరణ ఇచ్చింది. పంపకాలకూ అదే సూత్రం. దస్తావేజులో వేరే విధంగా రాసుకుని ఉంటే ముందు అదే చూడాలి. అసలు కాగితమే లేని పైపు అయితే, ఎవరి అనుమతీ అడగకుండా బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్ళు వాడి ఉండాలి. "సరేలే, వాడుకో" అని పక్కవారు దయతలచి ఇచ్చినది ఈ లెక్కలోకి రాదు.

మరి మన అన్నదమ్ముల్లో ఎవరు చేయించాలి? ఇక్కడ మేస్త్రీ చెప్పిన మాట ప్లీడరుగారికి కూడా నచ్చింది. "ముందు ఎక్కడ పగిలిందో చూడండమ్మా, తర్వాత ఎవరిదో మాట్లాడుకోవచ్చు" అన్నాడు. వెనక ఇంటి నుంచి వీధి దాకా పైపు 60 అడుగులు. మొదటి 35 అడుగుల్లో అన్న మురుగు ఒక్కటే పారుతుంది. అక్కడ చిన్న చాంబరు ఉంది. తమ్ముడి పైపు అందులో కలుస్తుంది. మిగతా 25 అడుగుల్లో ఇద్దరిదీ పారుతుంది. మొదటి భాగంలో పగిలితే, తమ్ముడి స్థలమే అయినా, ఖర్చు మొత్తం అన్నది. రెండో భాగంలో పగిలితే ఇద్దరిదీ.

ఎక్కడ పగిలిందో తెలుసుకోవడానికి మేస్త్రీ బట్టలకు పెట్టే నీలం తెమ్మన్నాడు. అన్న ఇంట్లో ఒక బకెట్టు నీలం నీళ్ళు పోస్తే మధ్య చాంబరులోకి బకెట్టుకు బకెట్టు వచ్చింది. అక్కడి దాకా పైపు బాగానే ఉందన్నమాట. తర్వాత చాంబరులో పోస్తే వీధి చివర సన్నటి చార తప్ప రాలేదు. తవ్వి చూస్తే చాంబరు దాటిన అయిదు అడుగులకు అతుకు విడిపోయి ఉంది. అది పాతకాలపు స్టోన్‌వేర్ పైపు. ఒక్కొక్క ముక్క రెండడుగులే. 60 అడుగులకు ముప్పై దాకా అతుకులు, ప్రతి అతుకూ సిమెంటుతో పూసినదే. ఎవరూ పగలగొట్టలేదు, వయసైపోయింది. పగిలింది ఇద్దరి భాగం. ఇద్దరి వాదనలోనూ సగమే నిజం. రెండో భాగం మొత్తం తీసి ఆరంగుళాల పీవీసీ పైపు వేయిస్తే కూలితో కలిపి 14,000 రూపాయలు అయింది, చెరిసగం. కన్సెషను ఇచ్చిన తర్వాత కూడా ఆ రెండు కుటుంబాలు మా ఆసుపత్రికి కట్టినది అంతకంటే ఎక్కువ. మిగతా ఆసుపత్రి లెక్క మేము అడగలేదు.

మూడు, నాలుగు ఇళ్ళు వరుసగా కలిసే లైన్లకు కూడా ఇదే పద్ధతి. ఒక్కొక్క ముక్కలో ఎంతమంది మురుగు పారుతోందో అంతమంది ఆ ముక్క ఖర్చు పంచుకోవాలి. అందరికంటే వెనక ఉన్నవారు పైపు పొడుగునా వాడతారు కనుక అన్ని ముక్కల్లోనూ వాటా ఇస్తారు. వీధి దగ్గర ఉన్నవారు చివరి ముక్కలోనే ఇస్తారు. ఈ లెక్క చట్టంలో రాసి లేదు. న్యాయంగా ఉంటుందని మేస్త్రీలు, పెద్దమనుషులు ఒప్పించే పద్ధతి. దీనికి కూడా పడనప్పుడు సమానంగా వేసుకోవడం మేలని మా అభిప్రాయం. రెండువేల రూపాయల తేడా కోసం ఇంకొక నెల మురుగు పారనివ్వడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

ఎవరైనా పగలగొడితే మాత్రం లెక్క మారుతుంది. పునాది తవ్వుతూ, ఇసుక లారీని సందులోకి తెస్తూ, బోరు వేయిస్తూ పైపు విరగ్గొట్టినవారే పూర్తిగా పెట్టుకోవాలి. స్థలం నాదే కదా అనడానికి లేదు. పక్కవారి హక్కుకు అడ్డం కలిగించే పని చేయకూడదని 27వ సెక్షనులోనే ఉంది. చెట్ల వేళ్ళు కూడా ఇందులోకే వస్తాయి.

చెట్ల మాట వచ్చింది కనుక మా తప్పు కూడా చెప్పాలి. మా నర్సింగ్ క్వార్టర్ల వెనక వైపు పైపు, పక్కన ఉన్న రెండు ఇళ్ళ పైపు కలిసి పోతాయి. కొన్నేళ్ళ క్రితం ఆ ఇళ్ళవాళ్ళ పెరడు వేసవిలో కూడా తడిగా ఉంటోందని వచ్చి చెప్పారు. "పగిలింది మీ పెరట్లో కదండీ" అని మేమే అన్నాము. ఊరికంతా చేతులు కడుక్కోమని చెప్పే మేమే రెండు నెలలు ఆ మాట మీద ఉన్నాము. తీరా తవ్వితే అతుకులోంచి దూరి, పైపు నిండా జడలా అల్లుకున్నది మా వేపచెట్టు వేరు. ఖర్చు మొత్తం ఆసుపత్రే పెట్టుకుంది. చెట్టు కొట్టలేదు, అక్కడ అతుకులు తక్కువ ఉండే పైపు వేయించాము. ఆ ఇంటి పెద్దాయన ఇప్పటికీ మమ్మల్ని చూస్తే, "వేపచెట్టు బాగుందా సిస్టరుగారూ?" అని అడుగుతారు.

అద్దె ఇళ్ళు, అపార్టుమెంట్లు

అద్దెకున్నవారు పైపు మార్పించనక్కరలేదు, అది ఇంటి యజమాని పని. కాని గుడ్డలు, శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు టాయిలెట్‌లో వేసి పైపు పూడ్చినవారు ఆ ఖర్చు తామే పెట్టుకోవాలి. మేస్త్రీ తీసిన వస్తువుల జాబితా చెబితే మీరు ఈ పత్రిక చదవడం మానేస్తారు. యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చినా తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను చెబుతోంది. మాటగా చెప్పి ఊరుకోకుండా కాగితం మీద రాసి ఇవ్వండి, బిల్లులు దాచుకోండి.

అపార్టుమెంట్లలో నిలువుగా దిగే పెద్ద పైపు, కింది చాంబర్లు అందరివీ. అవి అసోసియేషన్ డబ్బుతో చేయించాలి. మీ బాత్‌రూము నుంచి ఆ పెద్ద పైపులో కలిసేదాకా ఉన్న ముక్క మీది. పై ఇంటి బాత్‌రూము ట్రాపు కారి కింది ఇంటి స్లాబు తడిస్తే పై ఇంటివారు చేయించాలి. కింది అంతస్తువారి టాయిలెట్‌లోంచి మురుగు పైకి తన్నినప్పుడు "మీ ఇంట్లో కదా వచ్చింది" అని వారి మీద వేయడం మేము చాలాసార్లు విన్నాము. అది అన్యాయం. అందరికంటే కింద ఉన్నందుకు వారికి ముందు కనబడింది, అంతే. కొత్త అపార్టుమెంటు అయితే ఇంకొక దారి కూడా ఉంది. 2016లో వచ్చిన రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం, ఇల్లు స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు పనితనంలోనో, సౌకర్యాల్లోనో లోపం బయటపడి తెలియజేస్తే, ఆ చట్టం కిందికి వచ్చే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి.

ఒప్పుకోకపోతే?

ఇంటి నుంచి వీధి లైను దాకా ఉన్న కనెక్షను ఇంటివారిది, వీధిలోని పెద్ద లైను మున్సిపాలిటీది, హైదరాబాదులో అయితే వాటర్ బోర్డుది. తగాదా పెద్ద లైను గురించి అయితే అక్కడికే వెళ్ళాలి. డబ్బు లేదని మున్సిపాలిటీ తప్పించుకోవడానికి వీల్లేదని 1980లో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం మురుగు కాలువల కేసులో చెప్పింది. రోడ్డు తవ్వాలంటే మాత్రం ముందు మున్సిపాలిటీ అనుమతి తీసుకోవాలి.

పక్కవారు కదలకపోతే మొదట రాతపూర్వకంగా అడగండి, ఫోటోలు తీసి ఉంచండి. ఆ తర్వాత మున్సిపల్ కమిషనరుకు, శానిటరీ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయండి. మురుగు వీధిలోకి పారి నలుగురికీ హాని చేస్తుంటే ఆర్డీవో, సబ్ కలెక్టరు వంటి మేజిస్ట్రేట్లు దాన్ని తొలగించమని ఆర్డరు ఇవ్వగలరు. ఇదివరకు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 133వ సెక్షను కింద ఉన్న ఈ అధికారం 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఉంది. ఇద్దరి మధ్యే ఉన్న తగాదా అయితే సివిలు కోర్టు కంటే ముందు లోక్ అదాలత్‌కు వెళ్ళడం మంచిదని ప్లీడరుగారి సలహా. కేసు వేయకముందే కూడా అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. ఖర్చు లేదు, ఇద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే అది కోర్టు డిక్రీతో సమానం.

ఈ దారులన్నిటికీ రోజులు పడతాయి. అందుకని మేము చెప్పేది ఒకటే. ముందు ఎవరో ఒకరు డబ్బు పెట్టి పైపు చేయించండి, బిల్లు దాచండి, వాటా తర్వాత అడగండి. "నేను ముందు పెడితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే" అని అన్నగారు భయపడ్డారు. అలా కాదు. "వాటాల హక్కుకు భంగం లేకుండా, ఆరోగ్యం కోసం ముందు చేయిస్తున్నాము" అని నోటీసులో ఒక వాక్యం రాసి, పని మొదలుపెట్టే ముందు పక్కవారికి ఇస్తే చాలని ప్లీడరుగారు అన్నారు.

పని చేయించేటప్పుడు

చాంబరులోకో, సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దింపకండి. ఈ మాట పెద్ద అక్షరాలతో వేయమని ప్రెస్సువారికి చెప్పాము. అందులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువగా ఉంటే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. మా క్యాజువాలిటీకి అలా ఇద్దరేసి వచ్చిన రోజులు ఉన్నాయి. సరైన రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషి చేత ఈ పని చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కూలి తక్కువని, మనిషి దొరికాడని అలా చేయించకండి. మిషను బండిని పిలిపించండి.

కొత్త పైపుకు వాలు సరిగా పెట్టించండి. నాలుగంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాల దానికి 60 అడుగులకు ఒక అడుగు. పూడ్చే ముందు మళ్ళీ నీలం నీళ్ళు పోసి చూడండి. కుళాయి పైపు కూడా అక్కడే ఉంటే అదే గోతిలోంచి దాన్ని దూరంగా, ఎత్తుగా మార్పించండి, రెండోసారి తవ్వే పని తప్పుతుంది. సంపు కడిగించండి. బావి ఉంటే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చొప్పున కలిపి గంట ఆగాక వాడండి. ఆ తర్వాత కూడా రెండు మూడు నెలల పాటు ఇంట్లో ఎవరికైనా జ్వరం, విరేచనాలు, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే డాక్టరుకు పైపు సంగతి తప్పక చెప్పండి. విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్‌ఎస్ పట్టండి. ప్యాకెట్టు దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రమాదం.

పైపు పూడ్చే ముందు ఆ అన్నదమ్ములు మేస్త్రీ చేత ఒక కాగితం మీద లైను గీయించారు. ఎక్కడ చాంబరు, ఎక్కడ అతుకు, గోడకు ఎన్ని అడుగులు, ఎంత లోతు, ఎంతవరకు ఒకరిది, ఎక్కడి నుంచి ఇద్దరిదీ. ఇద్దరూ సంతకాలు పెట్టి, జిరాక్సులు తీయించి చెరొకటి దస్తావేజులతో పాటు దాచుకున్నారు. మీ ఇంట్లో కూడా పైపు తవ్వినప్పుడు ఈ పని చేయండి, మళ్ళీ ఆ గొయ్యి ఎప్పుడు తెరుస్తారో తెలియదు. మొన్న బీపీ చూపించుకోవడానికి వచ్చిన పెద్దావిడను అడిగాము. అంతా బాగానే ఉందట. చాంబరు మూత ఎత్తే ఇనుప కొక్కెం ఎవరి ఇంట్లో ఉండాలన్నది మాత్రం ఇంకా తేలలేదట.